అక్వేరియం ప్రశ్నలు – జవాబులు: ఈ నెల కోరీ చేపలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోరీల గురించే. దక్షిణ అమెరికా వాగుల్లో గుంపులుగా తిరుగుతూ, అడుగున ఇసుక తవ్వుకుని తినే ఈ రెండు మూడు అంగుళాల మీసాల చేపల్ని మన దుకాణాల్లో ‘క్లీనింగ్ ఫిష్’ అని అమ్ముతున్నారు. ఇక్కడికొచ్చిన తిప్పలు చాలావరకు ఆ పేరుతోనే మొదలయ్యాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

రెండడుగుల ట్యాంకులో టెట్రాలు, గప్పీలు ఉన్నాయండి. అడుగున చెత్త పేరుకుంటోందంటే షాపతను రెండు అల్బినో కోరీలు ఇచ్చాడు. మూడు నెలలైనా చెత్త అలాగే ఉంది, కోరీలేమో చిక్కిపోతున్నాయి. వాటికి విడిగా మేత వేయాలా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

వేయాలండి, ఈ రోజు నుంచే. కోరీ చేపల రెట్ట తినదు, నాచు కూడా దాదాపు ముట్టదు. దాని సహజమైన తిండి ఇసుకలో ఉండే చిన్న పురుగులు, లార్వాలు, కుళ్ళిన ఆకుల చుట్టూ ఉండే సూక్ష్మజీవులు. పైచేపలు తినగా మిగిలింది దాని పాలవుతుందనుకుంటాం గానీ, టెట్రాలూ గప్పీలూ ఉన్న చోట కిందికి జారేది పొడి మాత్రమే. దాంతో కడుపు నిండదు. ముందు నుంచి చూడండి. పొట్ట అడుగు చదునుగానో కొంచెం ఉబ్బుగానో ఉంటే సరిపోయినట్టు. లోపలికి గుంట పడితే చేప చాన్నాళ్ళుగా పస్తులున్నట్టే.

మునిగే గుళికలు తెండి. 1 మి.మీ. సైజువైతే ఒక్కో చేపకు ఐదారు, వేఫర్లయితే ఆరు చేపలకు ఒకటి. రాత్రి లైటు ఆర్పిన పావుగంటకు వేయండి. అప్పటికి పైచేపలు నెమ్మదిస్తాయి, కోరీలు మీసాలతో వాసన పట్టి వెతుక్కుంటాయి. గప్పీలు అప్పుడూ ఎగబడుతుంటే ఒక మూల పైకి తేలే మేత వేసి వాటిని అటు మళ్ళించండి. రెండో మూల అర అంగుళం పీవీసీ గొట్టాన్ని ఇసుక దాకా నిలబెట్టి గుళికలు అందులోంచి వదలండి. రెండు గంటల తర్వాత కూడా మిగిలితే తీసేసి మర్నాడు తగ్గించండి. వారానికి రెండుసార్లు ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ (గడ్డకట్టించిన ఎర్ర పురుగులు) అర ముక్క ఇస్తే బాగా కోలుకుంటాయి. ప్రాణంతో అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం వద్దు. అవి మురుగు నీళ్ళలో పెరిగేవి, తిండితో పాటు జబ్బునూ తెస్తాయి.

ఇంకో మాట. రెండే ఉంచకండి. కోరీ గుంపు చేప. తక్కువలో తక్కువ ఆరు, అన్నీ ఒకే జాతివి ఉండాలి. రెండే ఉంటే ఫిల్టరు వెనక్కి చేరి బిక్కుబిక్కుమంటూ ఉంటాయి, మేత వేసినా బయటికి రావు. రెండడుగుల ట్యాంకు అంటే రాళ్ళూ ఇసుకా పోను 45 లీటర్ల నీళ్ళు. అందులో ఆరు కోరీలకు చోటుంటుంది గానీ, పైచేపల సంఖ్య తగ్గించాలి. చెత్త సంగతంటారా, దానికి వారం వారం సైఫన్ (అడుగు మురికిని నీళ్ళతో పాటు బయటికి లాగే గొట్టం) పెట్టడమే దారి.

మా పాండా కోరీల మీసాలు అరిగి మోళ్ళలా అయిపోయాయి. అడుగున రంగు గులకరాళ్ళున్నాయి. ఇసుక వేద్దామంటే ఇంటి పనికి తెప్పించిన రోబో శాండ్ ఉంది. అది పనికొస్తుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

రోబో శాండ్ వద్దు. బండను పగలగొట్టి చేసిన ఇసుక కాబట్టి ప్రతి రేణువుకూ పదునైన అంచులుంటాయి. ఎన్నిసార్లు కడిగినా రాతి పొడి వదలదు. మీకు కావాల్సింది నీళ్ళలో దొర్లి దొర్లి గుండ్రబడిన ఏటి ఇసుక. లేదంటే స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వాడే సన్న ఇసుక, 0.4 నుంచి 0.8 మి.మీ. రకం. సముద్రపు ఇసుకలో ఉప్పూ గవ్వల పొడీ ఉంటాయి, దాని జోలికి పోకండి.

ఇసుక ఎందుకంత ముఖ్యమో కోరీ తినేటప్పుడు ఓ ఐదు నిమిషాలు దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. మూతిని కళ్ళ దాకా ఇసుకలో దించుతుంది. నోటినిండా ఇసుక తీసుకుని, తినేది నోట్లో ఉంచుకుని, మిగతాది మొప్పల సందుల్లోంచి రెండు పక్కలా సన్నని ధారగా వదిలేస్తుంది. గులకరాళ్ళ మీద ఈ పనేదీ కుదరదు. రాళ్ళ సందుల్లోకి జారిన మేత దానికి అందక అక్కడే కుళ్ళుతుంది. ఆ కుళ్ళులోనే పొద్దస్తమానం మీసాలు ఆడిస్తుంది. రాయి గీరుకున్న చోట సూక్ష్మజీవులు చేరి మీసం మొదలు దాకా తినేస్తాయి. అంటే గరుకుతనమూ మురికీ కలిసి చేసే నష్టం ఇది. ఒట్టి ఇసుక మార్చి శుభ్రం మానేస్తే మీసాలు తిరిగి రావు.

చేయాల్సింది ఇదీ. ఏటి ఇసుకను ముందు పిండి జల్లెడలో పట్టి మెత్తటి దుమ్ము వదిలించండి. తర్వాత టీ వడపోత లాంటి కాస్త పెద్ద కన్నాల జల్లెడలో పట్టి పెంకులు, రాళ్ళు ఏరేయండి. గుప్పెడు ఇసుక గ్లాసులో వేసి వెనిగర్ పోయండి. బుడగలు పొంగితే సున్నం ఉన్నట్టు, నీటి గట్టిదనం పెంచుతుంది, వద్దు. పొంగకపోతే బకెట్‌లో మూడో వంతు ఇసుక వేసి, పైపు పెట్టి చేత్తో కలుపుతూ, పైన తేట నీళ్ళు వచ్చేదాకా కడగండి. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ట్యాంకులో రెండున్నర సెం.మీ. మందం రావాలంటే సుమారు 7 కిలోలు పడుతుంది. అంతకంటే మందంగా వేయకండి, అడుగు పొరలకు గాలి ఆడక నల్లబడుతుంది.

గులకరాళ్ళ కింద అండర్ గ్రావెల్ ఫిల్టర్ ప్లేటు ఉంటే తీసేయాలి, సన్న ఇసుక దాని కన్నాల్లోకి దిగిపోతుంది. కానీ మీ ట్యాంకును నడిపిస్తున్న మంచి బ్యాక్టీరియా అంతా ఆ రాళ్ళలోనే ఉంటుంది. కాబట్టి ముందుగా స్పాంజ్ ఫిల్టరు పెట్టి నెల రోజులు రెండూ కలిపి నడిపించండి. ఆ తర్వాతే రాళ్ళు తీయండి. ఇక రోజువారీ పని: వారానికోసారి వేలితో ఇసుక పైపైన కదిలించండి. సన్న గొట్టం సైఫన్‌ను ఇసుకకు ఒక సెంటీమీటరు పైన గుండ్రంగా తిప్పితే రెట్ట లేచి గొట్టంలోకి పోతుంది, ఇసుక నిలుస్తుంది. మొదలు మిగిలి ఉన్న మీసం కొన్ని వారాల్లో మళ్ళీ పెరుగుతుంది. మొదలంటా పోయింది మాత్రం రాదు. అయినా సన్న మేత పెడుతుంటే ఆ చేప బతికేస్తుంది.

మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. బోరు నీళ్ళ టీడీఎస్ 900. సాఫ్ట్‌నర్ ప్లాంటు నుంచి వచ్చే నీళ్ళు పోయవచ్చా? లేక ఒట్టి ఆర్వో నీళ్ళా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

రెండూ కాదు. సాఫ్ట్‌నర్ చేసే పని కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి స్థానంలో సోడియం పెట్టడం. సబ్బు నురగ వస్తుంది, గీజరు పాడవదు, కానీ నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం (టీడీఎస్ అంటే అదే) తగ్గదు. మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ ఇంచుమించు అంతే ఉంటుంది. ఒట్టి ఆర్వో నీళ్ళలోనేమో పీహెచ్‌ను (నీటి ఆమ్లత్వాన్ని చెప్పే కొలత) పట్టి ఉంచే లవణాలే ఉండవు. కొన్ని వారాలు బాగానే ఉన్నట్టుండి, ఒక రోజు పీహెచ్ దభాలున పడిపోతుంది.

రెండూ కలపండి. మీ బోరు 900, ఆర్వో 40 అనుకుంటే, 10 లీటర్లకు రెండున్నర లీటర్లు బోరు నీళ్ళు, ఏడున్నర లీటర్లు ఆర్వో నీళ్ళు పోస్తే 255 దగ్గర నిలుస్తుంది. ఫారాల్లో పెంచిన బ్రాంజ్, అల్బినో, పెప్పర్డ్ కోరీలకు 200–350 మధ్య బాగుంటుంది. బోరు నీళ్ళు సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టుకోండి. ఆర్వో మెషీన్ బయటికి వదిలే వృథా నీళ్ళు పోసేవాళ్ళూ ఉన్నారు. వాటి టీడీఎస్ బోరు కంటే ఎక్కువ, చేపలకు పనికిరావు. ఇప్పటికే 900లో అలవాటుపడ్డ చేపల్ని ఒక్కసారిగా మార్చకండి. వారానికి 15–20 శాతం చొప్పున కొత్త మిశ్రమం పోస్తూ నెల పైన తీసుకురండి.

మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ సంగతి చూసుకోవాలి. సోడియం థయోసల్ఫేట్ పలుకులు 10 గ్రాములు 100 మి.లీ. నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకుని, 10 లీటర్ల కొత్త నీళ్ళకు 1 నుంచి 1.5 మి.లీ. కలిపితే మామూలుగా కుళాయిల్లో ఉండే క్లోరిన్‌కు సరిపోతుంది. నీళ్ళు ట్యాంకులో పోశాక కాదు, బకెట్‌లోనే కలపాలి.

ట్యాంకు పెట్టిన మూడో రోజే కోరీలు వేయవచ్చా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

వద్దు. ఫిల్టరులో బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ (రెట్ట, మిగిలిన మేత నుంచి పుట్టే విషాలు) రెండూ సున్నా చూపించాక, ఇంకో వారం ఆగి వేయండి. పాత ట్యాంకు నుంచి మురికి స్పాంజ్ ఒకటి దొరికితే ఈ కాలం బాగా తగ్గుతుంది.

ఎండాకాలంలో మా ట్యాంకు నీళ్ళు 33 డిగ్రీలు దాటుతున్నాయి. నిరుడు పెప్పర్డ్ కోరీలు ఒక్కటీ మిగల్లేదు. మాటిమాటికీ పైకి దూసుకొచ్చి గాలి మింగి, కిందపడి రొప్పుతూ పోయాయి. ఐసు బాటిళ్ళు వేసినా లాభం లేదు. ఈసారి ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, కొత్తగూడెం

ముందు జాతి మార్చండి. పెప్పర్డ్ కోరీ అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ వైపు చల్లటి నీళ్ళది. 20–24 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. పాండా కూడా అంతే, 25 దాటితే ఇబ్బంది పడుతుంది. బొగ్గు గనుల ఊళ్ళో, ఏసీ లేని గదిలో, మే నెలలో వాటిని కాపాడటం చాలా కష్టం. స్టెర్బాయ్ కోరీకి 24–28 డిగ్రీలు సహజం, కొన్ని రోజులు 30 వరకూ ఓర్చుకుంటుంది. ధర ఎక్కువైనా మన ఎండలకు సరైన కోరీ అదే. బ్రాంజ్, అల్బినోలు ఆ తర్వాత. వాటికి 22–26 ఇష్టం, 29 దాకా నెట్టుకొస్తాయి.

వేడి ఎలా చంపుతుందో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. 25 డిగ్రీల నీళ్ళు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 32 డిగ్రీల్లో 7.3 మాత్రమే. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అడుగున కుళ్ళే పదార్థం కూడా త్వరగా కుళ్ళి ఆక్సిజన్ లాగేస్తుంది. ఉన్న అమోనియా వేడిలో ఇంకా విషమవుతుంది. కోరీ ఉండేది ఆ అడుగునే. అప్పుడప్పుడు పైకొచ్చి ఒక గుక్క గాలి మింగడం దాని సహజ గుణం, పేగు గోడలోంచి ఆ గాలిని పీల్చుకోగలదు. గంటకు ఒకటి రెండుసార్లయితే కంగారు లేదు. నిమిష నిమిషానికీ గుంపంతా అదే పనిగా వస్తుంటే అడుగున ఊపిరాడటం లేదని అర్థం.

ఐసు బాటిల్ లెక్క చెబుతాం. 50 లీటర్ల నీళ్ళలో అర లీటరు గడ్డకట్టిన బాటిల్ పూర్తిగా కరిగి, ఆ నీళ్ళూ ట్యాంకు వేడికి వస్తే, తగ్గేది ఒక్క డిగ్రీ చిల్లర. గంటలో ఆ చల్లదనం పోయి మళ్ళీ పైకెక్కుతుంది. రోజుకు నాలుగైదు సార్లు ఇలా ఊగితే నిలకడైన వేడి కంటే అదే ఎక్కువ దెబ్బ.

ఫ్యాను పెట్టండి. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, లేదా చిన్న క్లిప్ ఫ్యాను, గాలి నీటి ఉపరితలం మీద ఏటవాలుగా తగిలేలా అమర్చాలి. గాజు మూత తీసి దోమతెర బిగించండి. నీళ్ళు ఆవిరవుతూ 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతాయి. మీ వైపు పొడి ఎండ కాబట్టి బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఇంత ఫలితం రాదు. ఆవిరై తగ్గిన నీటిని ఆర్వో నీళ్ళతో నింపండి, ఎందుకంటే లవణాలు ఆవిరి కావు, బోరు నీళ్ళు పోస్తూ పోతే టీడీఎస్ పెరిగిపోతుంది. ఎయిర్ పంపు రాత్రీపగలూ ఆడాలి. కరెంటు పోయినప్పుడు దానంతటదే అందుకునే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తప్పకుండా ఉండాలి. లైటు నాలుగైదు గంటలు చాలు, మేత సగం చేయండి. నీళ్ళు మార్చేది తెల్లవారుజామునే. మేడ మీది ట్యాంకు నీళ్ళు సాయంత్రం నాలుగింటికి చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. తెలియక పట్టి పోస్తే గంటలో చేపలు పోతాయి. ట్యాంకును పడమటి గోడకు ఆనించి ఉంచితే ఎండలు మొదలవ్వకముందే చోటు మార్చండి.

మా కోరీ కన్ను కొడుతోంది! నిజమేనా?
— ఆరో తరగతి విద్యార్థిని, నిజామాబాద్

నిజమే తల్లీ. చేపకు రెప్పలు ఉండవు కానీ, కోరీ కనుగుడ్డును గూట్లోనే గబుక్కున కిందికి తిప్పి మళ్ళీ పైకి తెస్తుంది. అది మనకు కన్ను కొట్టినట్టు కనిపిస్తుంది. అడుగున ఏముందో చూసుకోవడానికి ఇది దానికి ఉపయోగం. మేత వేశాక పక్క నుంచి చూడు, బాగా కనిపిస్తుంది.

ఆరు కోరీలు కొని గంటన్నర ప్రయాణం చేసి ఇంటికి తెచ్చేసరికి నాలుగు చచ్చి ఉన్నాయి. సంచిలో నీళ్ళు నురగగా ఉన్నాయి. షాపు చేపలే జబ్బువా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జబ్బు కంటే విషం అయ్యుండటానికే అవకాశం ఎక్కువ, ఆ విషం కోరీలదే. జెల్లలు బాగుచేసేటప్పుడు ముల్లు గుచ్చుకుంటే ఎంత సలుపుతుందో మీ గోదావరి జిల్లాల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కోరీకి కూడా వీపు రెక్కకు, పక్క రెక్కలకు అలాంటి ముళ్ళే ఉన్నాయి. బెదిరితే వాటిని విప్పి బిగబట్టేస్తుంది. అప్పుడు ముళ్ళ దగ్గరి గ్రంథుల నుంచి విషపదార్థం నీళ్ళలోకి వదులుతుంది. ఏటిలో అయితే కొట్టుకుపోతుంది. లీటరు నీళ్ళ సంచిలో అదే వాటి ప్రాణం తీస్తుంది. స్టెర్బాయ్, పాండాల్లో ఇది ఎక్కువగా చూస్తుంటాం.

ఈసారి షాపులో ఇలా అడగండి. పట్టిన కోరీల్ని ముందు బకెట్‌లో అరగంట ఉంచమనండి. బెదురులో వదలాల్సింది అక్కడ వదిలేస్తాయి. తర్వాత కొత్త నీళ్ళున్న సంచిలోకి మార్చాలి. సంచికి మూడు చేపలకు మించి వద్దు. రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి, మూలలు రబ్బరు బ్యాండుతో కట్టి, మూడో వంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్. దారిలో నురగ కనిపిస్తే ఇంటికి చేరేదాకా ఆగకండి. ఒక సీసా షాపు ట్యాంకు నీళ్ళు వెంట తెచ్చుకుంటే అక్కడికక్కడే మార్చేయవచ్చు.

ఇంట్లో సంచిని పావుగంట తేలనిచ్చి, విప్పాక ఆలస్యం చేయకండి. సంచి మూసి ఉన్నంతసేపు కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువగా ఉండి అమోనియా అంత హాని చేయదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమోనియా విషమవుతుంది. ఐదు నిమిషాలకో కప్పు చొప్పున నాలుగు కప్పుల ట్యాంకు నీళ్ళు కలిపి, చేపల్ని కప్పుతో తీసి వేయండి. సంచి నీళ్ళు ట్యాంకులో పోయకూడదు. పెద్ద కన్నాల వల వాడితే ముళ్ళు చిక్కుకుంటాయి. చిక్కుకుంటే లాగకండి, వల దారాన్ని కత్తిరించండి. మీ వేలికి గుచ్చుకుంటే చెయ్యి తట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంట ముంచి ఉంచితే సలుపు తగ్గుతుంది.

మన దుకాణాలకు అలంకరణ చేపలు చాలావరకు చెన్నై, కోల్‌కతాల నుంచి దిగుతాయి. దిగిన రోజే కొనకండి. వారం రోజులు షాపులో నిలిచి మేత తింటున్న వాటినే ఏరుకోండి. పొట్ట కింద ఎర్ర మచ్చలున్నవి వద్దు. సూదితో రంగు ఎక్కించిన నీలం, గులాబీ అల్బినోలు కనిపిస్తే అసలు కొనకండి, అది చేపను హింసించి చేసే వ్యాపారం.

కోరీల మీద తెల్ల చుక్కలు వచ్చాయి. రాళ్ళుప్పు గుప్పెడు వేసి నీలం మందు పోయమన్నారు. పోయనా?
— ఒక పాఠకుడు, అనంతపురం

గుప్పెడు లెక్క ప్రమాదం. ఉప్పు పలుకులు నేరుగా వేస్తే అవి పడేది అడుగున, కోరీ పొట్ట కిందే. కరిగేదాకా అక్కడ చర్మం కాలుతుంది. పక్కల పలకల కవచం ఉన్నా పొట్ట మెత్తటిదే. వాడితే లీటరుకు 1 గ్రాము మించకుండా, మగ్గులో కరిగించి, రోజంతా మూడు విడతలుగా పోయండి. మొక్కలున్న ట్యాంకులో ఉప్పు మానేయడమే మంచిది.

తెల్ల చుక్క జబ్బుకు మందు మాలకైట్ గ్రీన్ రకం. కోరీలున్న ట్యాంకులో సీసా మీద రాసిన మోతాదులో సగమే వాడండి. మందు పోసే ముందు ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసేయాలి, లేదంటే మందును అదే పీల్చేస్తుంది. గాలి బుడగలు పెంచాలి. చర్మంలో దాగిన చుక్కల దశలో ఏ మందూ పనిచేయదు. అవి రాలి, అడుగున చీలి, కొత్త పిల్లలు నీళ్ళలో ఈదేటప్పుడే చస్తాయి. కాబట్టి చుక్కలు కనిపించడం ఆగాక కూడా వారం కొనసాగించాలి. రోజు విడిచి రోజు ఇసుక మీద సైఫన్ పెట్టి, పావు వంతు నీళ్ళు మార్చి, మార్చిన నీళ్ళకు సరిపడా మందు మాత్రం మళ్ళీ కలపండి. చుక్కలు రాలి పడేది కోరీలు పడుకునే చోటే కదా, ఈ సైఫన్ పని మందుతో సమానం. బ్రాంజ్, స్టెర్బాయ్‌లైతే హీటరుతో రోజుకు ఒక డిగ్రీ చొప్పున 29 దాకా పెంచితే పురుగు దశలు త్వరగా తిరిగి జబ్బు తొందరగా తేలుతుంది. పాండాలకు ఇది చేయవద్దు.

కాలవలో దొరికిన చిన్న జెల్ల పిల్లల్ని కోరీలతో కలిపి వేయవచ్చా? ఆస్కార్ ట్యాంకులో కోరీలు ఉంటాయా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

రెండూ కుదరవు. జెల్ల కూడా అడుగున తిరిగే మీసాల చేపే, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. కానీ అది రాత్రి వేటాడుతుంది. నోట్లో పట్టే చేపలు తెల్లారేసరికి ఉండవు. నాలుగడుగుల ట్యాంకులో ఐదారు జెల్లల్ని విడిగా పెంచండి, చక్కగా మచ్చికవుతాయి. కాలవ చేప కాబట్టి ముందు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి పేలు, పుళ్ళు లేవని చూసుకోండి. ఆస్కార్ పెద్ద వేట చేప, కోరీని మింగబోతుంది. కోరీ ముళ్ళు విప్పేస్తే గొంతులో ఇరుక్కుని రెండూ చస్తాయి. పెద్ద గోల్డ్‌ఫిష్‌కు కూడా ఇలాగే జరుగుతుంది.

నిన్న ఉరుములతో వాన కురిసింది. తెల్లారేసరికి ట్యాంకు గాజు నిండా ముత్యాల్లా గుడ్లు! మావి బ్రాంజ్ కోరీలు. గుడ్లు దక్కించుకోవడం ఎలా? ఈ చేపకు శాస్త్రీయ నామం మారిందంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, డల్లాస్

గాలి పీడనం పడిపోయినప్పుడు, చల్లటి కొత్త నీళ్ళు వచ్చినప్పుడు కోరీలు గుడ్లు పెట్టడం పెంపకందారులు ఎప్పటినుంచో గమనిస్తున్నదే. వాళ్ళ వాగుల్లో వానాకాలం మొదలైన గుర్తు అది. వాన లేకపోయినా 40 శాతం నీళ్ళు మార్చి, మూడు నాలుగు డిగ్రీలు చల్లటివి పోస్తే బాగా మేపిన చేపలు ఒకటి రెండు రోజుల్లో స్పందిస్తాయి. ఆడ చేప మగ చేప పొట్ట దగ్గర మూతి ఆనించి కాసేపు ఇంగ్లీషు ‘టీ’ అక్షరంలా నిలిచిపోతుంది. అప్పుడే కడుపు కింది రెక్కలను దొప్పలా ముడిచి అందులోకి కొన్ని గుడ్లు విడుస్తుంది. తర్వాత వాటిని మోసుకుంటూ పోయి, గాజును మూతితో తుడిచి, అక్కడ అంటిస్తుంది. ఇలా గంటల తరబడి సాగి వంద పైనే పెట్టగలదు. ఆ తర్వాత అవే తినేస్తాయి కాబట్టి ఈ రోజే తీయండి.

మొదట్లో జిగురుగా ఉంటాయి, కొన్ని గంటలకు గట్టిపడతాయి. అప్పుడు వేలి కొసతో మెల్లగా దొర్లిస్తే ఊడి వస్తాయి. రెండు లీటర్ల డబ్బాలో అదే ట్యాంకు నీళ్ళు పోసి, గుడ్లకు తగలకుండా సన్నటి గాలి బుడగలు పెట్టండి. బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ లేత నీలం వచ్చేంత, లేదా ఎండిన బాదం ఆకు చిన్న ముక్క వేయండి. మన పెరళ్ళలో ఎర్రగా పండి రాలే ఆ ఆకే అక్కడి అక్వేరియం షాపుల్లో ప్యాకెట్లలో దొరుకుతుంది. తెల్లబడిన గుడ్డు చచ్చినది, రోజూ ఏరేయండి, వదిలేస్తే బూజు పక్కవాటికి పాకుతుంది. 25 డిగ్రీల్లో మూడు నుంచి ఐదు రోజులకు పొదుగుతాయి.

పిల్లలు మొదటి రెండు రోజులు పచ్చసొన మీదే బతుకుతాయి, మేత వేయకండి. తర్వాత మైక్రోవార్మ్‌లు (సన్నటి పురుగులు), అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యల్లాంటి చిన్న జీవులు) వేయండి. లీటరు నీళ్ళలో 25 గ్రాముల ఉప్పు, పావు టీస్పూను ఆర్టీమియా గుడ్లు వేసి 27 డిగ్రీల్లో గాలి పెడితే ఒక రోజులో పొదుగుతాయి. వడగట్టి, మంచినీళ్ళతో కడిగి, రోజుకు రెండుసార్లు వేయండి. పిల్లలు పోయేది ఎక్కువగా మొదటి మూడు వారాల్లో, అదీ డబ్బా అడుగున మిగిలిన మేత కుళ్ళడం వల్ల. రోజూ అడుగు తుడిచి, పావు వంతు నీళ్ళు పెద్ద ట్యాంకు నుంచే తీసి మార్చండి. అమెరికాలో చాలా నగరాల కుళాయి నీళ్ళలో క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసినది) ఉంటుంది. ఒట్టి థయోసల్ఫేట్ దాన్ని విరగ్గొట్టి అమోనియా మిగులుస్తుంది. అమోనియాను కూడా కట్టడి చేసే వాటర్ కండిషనర్ వాడండి.

పేరు సంగతి నిజమే. 2024లో కోరిడోరాస్ ప్రజాతిని ఐదుగా విడదీశారు. మీ బ్రాంజ్ కోరీ ఇప్పుడు ఆస్టియోగాస్టర్ ఎనియా. పెప్పర్డ్, పాండా, స్టెర్బాయ్‌లు హాప్లిసోమా కిందికి, పిగ్మీ కోరీ గాస్ట్రోడెర్మస్ కిందికి వెళ్ళాయి. పెప్పర్డ్‌కు ఇంకో విశేషం ఉంది. బీగిల్ ఓడ మీద వెళ్ళిన డార్విన్ సేకరించిన చేపల్లో అదొకటి, 1842లో ప్రకృతి శాస్త్రవేత్త జెనిన్స్ దాన్ని వర్ణించారు. దుకాణాల్లో పాత పేర్లే ఇంకా చాలా కాలం నడుస్తాయి.

కోరీలతో పాటు వేసిన సక్కర్ ఫిష్ అడుగు దాటిపోయింది. రాత్రిళ్ళు కోరీలను తోసేస్తోంది. పక్కనే చెరువుంది, వదిలేయమంటున్నారు. వదలవచ్చా?
— ఒక పాఠకుడు, ఏలూరు

దయచేసి వదలకండి. అది కూడా దక్షిణ అమెరికా చేపే, కానీ ఒకటిన్నర అడుగుల దాకా పెరుగుతుంది. మన ఎండకు, మురుగుకు, తక్కువ ఆక్సిజన్‌కు కోరీలా బెదరదు. ఇలా వదిలినవి ఇప్పటికే మన చెరువుల్లో, కాలువల్లో స్థిరపడి వలలు చింపుతున్నాయి, గట్లలో బొరియలు తవ్వుతున్నాయి, రొయ్యల, చేపల రైతుల మేతకు పోటీ వస్తున్నాయి. మీ చుట్టూ కొల్లేరు, చేపల చెరువులు ఉన్నాయి, మీ దగ్గర నష్టం మరీ ఎక్కువ. కొన్న దుకాణానికి తిరిగి ఇవ్వండి, డబ్బు అడగకపోతే చాలామంది తీసుకుంటారు. వాళ్ళు కాదంటే పెద్ద ట్యాంకులున్న పెంపకందారులను అడగండి. మీరే ఉంచుకోవాలంటే ఆరడుగుల ట్యాంకు, నమలడానికి పెద్ద చెక్క దుంగ, రాత్రికి సొరకాయ లేదా కీర దోసకాయ చెక్కు తీసిన ముక్కలు కావాలి. అప్పటిదాకా కోరీల మేత ట్యాంకులో రెండు మూడు చోట్ల వేయండి. సక్కర్ ఒక చోట కూర్చుంటే అవి ఇంకో చోట తినగలుగుతాయి.